ఏఎఫ్‌కు అబ్లేషన్: పద్ధతి ఎంచుకోవడం నుంచి మూడో నెల దాకా ఏం చేయాలి

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్)లో గుండె పైగదులు కొట్టుకోవు, వణుకుతాయి. ఆ వణుకును రేపే నిప్పురవ్వలు చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి ఎడమ పైగదికి రక్తం తెచ్చే సిరల మొదట్లో పుడతాయి. ఇవి మామూలుగా నాలుగు ఉంటాయి. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసగేర్ బృందం 45 మంది రోగుల్లో ఈ రవ్వల జాడ వెతికితే, 94 శాతం ఆ సిరల్లోనే దొరికాయి. ఇవాళ్టి అబ్లేషన్ అంతా దాని మీదే నిలబడి ఉంది. సిర పైగదిలో కలిసే చోట చుట్టూ మచ్చ కట్టించి, లోపలి కరెంటు బయటికి రాకుండా మూసేస్తారు. దీన్ని పల్మనరీ వెయిన్ ఐసొలేషన్, పొట్టిగా పీవీఐ అంటారు. ఆ వలయంలో కొద్ది మిల్లీమీటర్ల సందు మిగిలినా కరెంటు అందులోంచే బయటపడుతుంది. అందుకే డాక్టరు ఏ మిషను పేరు చెప్పినా, మీరు అడగాల్సింది ఆ వలయం ఎంత పక్కాగా మూస్తారనే.

1. మీ ఏఎఫ్ ఏ రకమో తేల్చుకోండి

దడగా ఉందన్న మాట మీద అబ్లేషన్ చేయరు, చేయకూడదు. 12 లీడ్ల ఈసీజీలోనో, 30 సెకన్లకు తగ్గని సింగిల్ లీడ్ పట్టీలోనో ఏఎఫ్ కనిపించాలి. దడ ఎప్పుడో ఒకసారి వచ్చేదైతే 24 గంటల హోల్టర్‌కు (ఒంటికి తగిలించుకునే ఈసీజీ రికార్డరు) చిక్కదు. 7 లేదా 14 రోజుల ప్యాచ్ పెట్టమని అడగండి. స్మార్ట్ వాచీలో వచ్చిన ఈసీజీని పీడీఎఫ్‌గా దాచండి. వాచీ ఏం చెప్పిందన్నది పక్కన పెట్టి, ఆ గీతను డాక్టరు తన కళ్లతో చూడాలి.

వచ్చిన ఏఎఫ్ 7 రోజుల్లోపు తగ్గిపోతే పారాక్సిస్మల్, అంతకు మించి నిలిస్తే పర్సిస్టెంట్, ఏడాది దాటి అలాగే ఉంటే లాంగ్ స్టాండింగ్ పర్సిస్టెంట్. మొదటి రకంలో ఒక్క అబ్లేషన్‌తో ఏడాది పాటు రిథమ్ (గుండె లయ) నిలిచే అవకాశం సుమారు 70 నుంచి 80 శాతం. రెండో రకంలో అది 50, 60 శాతానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి వణికిన గోడలో పీచు పేరుకుంటుంది, అప్పుడు రవ్వలు సిరల్లోనే కాక గోడలోంచి కూడా లేస్తాయి. చూద్దాంలే అని ఏళ్లు గడిపితే నష్టం ఇక్కడే.

ఫైలులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్. గురక ఉండి పగలు నిద్ర తూగుతుంటే స్లీప్ స్టడీ కూడా. ఎకోలో మూడు సంగతులు వెతకండి. ఎడమ పైగది వెడల్పు మామూలుగా 40 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, 50 దాటితే ఫలితం తగ్గుతుంది. పంపింగ్ శాతం ఎంత, మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ గదుల మధ్య కవాటం) ఇరుకైందా అన్నవి మిగతా రెండు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలితే అబ్లేషన్ ఆపి ముందు దాన్ని దారిలో పెట్టాలి. చాలాసార్లు దాంతోనే రిథమ్ కూడా సర్దుకుంటుంది.

2. దేనికోసం చేయించుకుంటున్నారో స్పష్టంగా ఉండండి

దడ, ఆయాసం, నీరసం తగ్గడానికైతే అబ్లేషన్ గట్టి ఉపాయమే. పారాక్సిస్మల్ రకంలో మందులు విఫలమయ్యే దాకా ఆగకుండా దీన్నే మొదటి చికిత్సగా ఎంచుకోవచ్చని 2023 అమెరికా మార్గదర్శకాలు, 2024 యూరప్ మార్గదర్శకాలు రెండూ చెబుతున్నాయి. పంపింగ్ 35 శాతం లోపు ఉన్న గుండె వైఫల్యం రోగుల్లో మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గాయని 2018లో క్యాజిల్ ఏఎఫ్ అధ్యయనం చూపింది. ఇబ్బంది ఏమీ లేనివారికి మాత్రం తూకం వేరు. 2019లో వచ్చిన కబానా అధ్యయనంలో మరణం, పక్షవాతం, పెద్ద రక్తస్రావం, కార్డియాక్ అరెస్ట్‌లను కలిపి లెక్కిస్తే అబ్లేషన్‌కూ మందులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక రక్తం పలచబరిచే మాత్ర మానేయవచ్చనే ఆశ ఒక్కదానితో వస్తున్నట్టయితే ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి. ఎందుకో చివర్లో చూద్దాం.

3. వేడి, చలి, కరెంటు: మూడింటిలో ఏది

రేడియో ఫ్రీక్వెన్సీ అంటే వేడి. 3.5 మిల్లీమీటర్ల మొన ఉన్న క్యాథెటర్‌తో (సిర గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టం) ఒక్కో చుక్క కాలుస్తూ సిరల చుట్టూ దండ గుచ్చినట్టు వెళతారు. చుక్కకూ చుక్కకూ మధ్య 6 మిల్లీమీటర్లకు మించకూడదు. మొన గోడను ఎంత బలంతో నొక్కుతోందో తెర మీద గ్రాముల్లో కనిపిస్తుంది. 10 నుంచి 20 గ్రాములైతే మంచిది. 10 లోపైతే మచ్చ పైపైనే పడి, వాపు తగ్గాక ఆ చోట కరెంటు మళ్లీ దారి తెరుచుకుంటుంది. 40 దాటితే గోడ చిల్లు పడే భయం. ముందుగోడ మందం కాబట్టి ఎక్కువ శక్తి పెడతారు. వెనకగోడకు ఆనుకునే అన్నవాహిక ఉంటుంది కాబట్టి అక్కడ చెయ్యి తేలిక. కొందరు 30 వాట్లతో అర నిమిషం కాలుస్తారు, ఎక్కువమంది ఇప్పుడు 50 వాట్లతో కొద్ది సెకన్లే కాలుస్తున్నారు. తక్కువ సేపు, ఎక్కువ శక్తి పెడితే మచ్చ వెడల్పుగా, తక్కువ లోతుగా పడుతుంది. పలచని గోడకు కావాల్సింది అదే.

క్రయో బెలూన్ అంటే చలి. 28 మిల్లీమీటర్ల బెలూన్‌ను సిర నోటికి బిరడాలా బిగించి, లోపల నైట్రస్ ఆక్సైడ్ వదిలి మూడు నాలుగు నిమిషాలు గడ్డకట్టిస్తారు. వలయం ఒకే దెబ్బకు పడుతుంది. బిరడా సరిగ్గా పట్టిందో లేదో రంగు మందు ఎక్కించి చూస్తారు, కాబట్టి కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. అయోడిన్ రంగు మందు పడనివారూ ఇక్కడ నోరు విప్పాలి. గడ్డకట్టించడం మొదలైన 60 సెకన్లలోపే సిరలోని సంకేతం మాయమైతే మచ్చ నిలుస్తుందని నమ్మకం. ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీలకు జారితే ఆపేస్తారు. ఎడమ వైపు రెండు సిరలూ కలిసి ఒకే పెద్ద నోరుగా తెరుచుకునే వాళ్లుంటారు. వాళ్లలో బెలూన్ సరిగ్గా కూర్చోదు. ముందుగా సీటీ తీస్తే ఆ సంగతి బయటపడుతుంది.

చలితో వచ్చే అసలు చిక్కు కుడివైపు. ఊపిరి పీల్చే కండరమైన డయాఫ్రంను కదిలించే ఫ్రెనిక్ నరం కుడి పై సిరను రాసుకుంటూ పోతుంది. అందుకని ఆ వైపు గడ్డకట్టిస్తున్నంతసేపూ మెడకు దిగువనున్న పెద్ద సిరలో ఇంకో తీగ పెట్టి నరాన్ని తడుతూనే ఉంటారు. తట్టిన ప్రతిసారీ పొట్ట పైభాగం ఎక్కిళ్లలా ఎగురుతుంది. ఒకరు పక్కటెముకల కింద అరచేయి ఆనించి ఆ ఎగురు లెక్కపెడుతుంటారు. చేతికి తగిలే దెబ్బ మెత్తబడిందా, అదే క్షణం చలి ఆపేయాలి. అప్పుడు ఆపితే నరం చాలావరకు కోలుకుంటుంది. ఇంకో పది సెకన్లు చూద్దామనుకుంటే నెలల తరబడి ఆయాసం మిగలవచ్చు.

మూడోది పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్, పీఎఫ్ఏ. వెయ్యి దాటిన వోల్టుల్ని మైక్రోసెకన్ల ముక్కలుగా వదిలితే కణాల పొరకు తూట్లు పడి అవి చనిపోతాయి. గుండె కండరం దీనికి తొందరగా లొంగుతుంది. అన్నవాహిక, నరం అంత తేలిగ్గా లొంగవు, ఇదే దీని పెద్ద లాభం. అమెరికాలో మొదటి అనుమతి 2023 డిసెంబరులో వచ్చింది. అయిదు రేకల క్యాథెటర్ ఒకటుంది. దాన్ని ఒక్కో సిర దగ్గర బుట్టలా మడిచి నాలుగుసార్లు, పువ్వులా విప్పి నాలుగుసార్లు, మధ్యలో తిప్పుతూ పల్స్ ఇస్తారు. తిప్పడం మరిచితే రేకకూ రేకకూ మధ్య సందు మిగులుతుంది.

ఇందులోనూ పొరపాట్లకు చోటుంది. రక్తనాళం పక్కన, ముఖ్యంగా మైట్రల్ వాల్వ్ దగ్గర పల్స్ ఇస్తే కరోనరీ ధమని బిగుసుకుపోవచ్చు. నైట్రోగ్లిజరిన్ ముందే ఎక్కిస్తే ఆ భయం తగ్గుతుంది. పల్స్‌లు మితిమీరితే ఎర్రకణాలు పగిలి మూత్రం ముదురు రంగులో వస్తుంది, కిడ్నీ దెబ్బతినవచ్చు. అందుకే సెలైన్ పెడతారు. పీఎఫ్ఏ అయ్యాక మొదటి రోజు మూత్రం రంగు మీరే గమనించి నర్సుకు చెప్పండి.

ఏది మేలు? 2016లో ఫైర్ అండ్ ఐస్ అధ్యయనం వేడినీ చలినీ 762 మందిలో పోటీ పెడితే రెండూ సమానమయ్యాయి. 2023లో అడ్వెంట్ అధ్యయనం పీఎఫ్ఏను పాత రెండింటితో పోల్చింది. ఏడాదికి పీఎఫ్ఏతో 73.3 శాతం మందికి, పాతవాటితో 71.3 శాతం మందికి చికిత్స ఫలించింది. పీఎఫ్ఏతో పని తొందరగా అయింది, ఫలితం మాత్రం ఒకటే. కాబట్టి కొత్త మిషను కోసం అలవాటైన చేతిని వదులుకోకండి. ఈ డాక్టరు ఈ పద్ధతిలో వారానికి ఎన్ని చేస్తారు, గుండె చుట్టూ రక్తం చేరితే అక్కడికక్కడే తీయగలరా, గుండె సర్జన్ అందుబాటులో ఉంటారా అన్న మూడు ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

4. "ఇంకొన్ని గీతలు కూడా గీస్తాం" అంటే

పర్సిస్టెంట్ రకం వాళ్లకు ఈ మాట తరచూ వినిపిస్తుంది. సిరలు మూస్తే చాలదనిపించి ఎడమ పైగది పైకప్పు మీద, మైట్రల్ వాల్వ్ వైపు గీతలు గీయడం, చిందరవందరగా కనిపించే సంకేతాల్ని కాల్చడం ఎన్నో ఏళ్లు సాగింది. 2015లో స్టార్ ఏఎఫ్ 2 అధ్యయనం 589 మందిలో దీన్ని పరీక్షించి, సిరలు మాత్రమే మూసిన వాళ్లకంటే మిగతావాళ్లు ఏమీ బాగుపడలేదని తేల్చింది. వెనకగోడ మొత్తాన్ని వేరుచేయడం కూడా 2023లో కాప్లా అధ్యయనంలో లాభం చూపలేదు. పైగా సగం పడిన గీత లేని గీతకంటే చెడ్డది. కరెంటు ఆ సందు చుట్టూ తిరగడం మొదలుపెట్టి, ఏఎఫ్ బదులు మందుకు లొంగని ఏట్రియల్ ఫ్లటర్ (పైగదిలో కరెంటు ఒకే దారిలో గిరగిరా తిరిగే దడ) తెచ్చిపెడుతుంది.

ఎడమ పైగది మీదుండే చిన్న మార్షల్ సిరలోకి ఆల్కహాల్ ఎక్కించే పద్ధతికి మాత్రం 2020లో వీనస్ అధ్యయనం కొంత బలమిచ్చింది. అది అలవాటైన చేతుల్లో, పర్సిస్టెంట్ రకానికే. మీకు మామూలు ఫ్లటర్ కూడా ఈసీజీలో కనిపించి ఉంటే కుడి పైగదిలో ఒక పొట్టి గీత గీయడం సబబే. అంతకు మించి ఏదైనా చేస్తామంటే ఎందుకు, గీత పూర్తిగా మూసుకుందని రెండువైపుల నుంచీ పరీక్షిస్తారా అని అడగండి. మొదటిసారికి సిరలు పక్కాగా మూయించుకుని ఆగడమే మా ఓటు.

5. ముందు వారాల్లో మీ పని

బరువెక్కువైతే పదోవంతు తగ్గించడం లక్ష్యంగా పెట్టుకోండి. అంత తగ్గి, దాన్ని నిలబెట్టుకున్నవాళ్లకు ఏఎఫ్ లేకుండా గడిచే అవకాశం ఆరు రెట్లు ఉందని 2015లో ఆస్ట్రేలియాలో జరిగిన లెగసీ అధ్యయనం చెబుతుంది. మద్యం అలవాటుంటే ఆపండి. అదే దేశంలో 2020లో చేసిన పరీక్షలో తాగుతూనే ఉన్నవాళ్లలో 73 శాతానికి, మానిన గుంపులో 53 శాతానికి ఏఎఫ్ తిరిగొచ్చింది. వాళ్లు అబ్లేషన్ రోగులు కాకపోయినా పాఠం మనకూ వర్తిస్తుంది. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంటే సీప్యాప్ (మాస్కుతో గాలి ఊదే మిషను) ఇప్పుడే మొదలుపెట్టండి.

రక్తం పలచబరిచే మాత్ర కనీసం మూడు వారాలు ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. తప్పితే దాచకండి, ఏ రోజు తప్పిందో రాసి చెప్పండి. ఎడమ పైగది సంచిలో రక్తం గడ్డ ఉండగా క్యాథెటర్ తగిలితే అది నేరుగా మెదడుకు వెళుతుంది. మీరు చెబితే టీఈఈ (అన్నవాహికలోంచి చేసే గుండె స్కాన్), సీటీ లేదా గుండెలోపలి అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు, గడ్డ కనిపిస్తే వాయిదా వేస్తారు. రివరోక్సబాన్ 20 మి.గ్రా. మాత్రను ఆహారంతోనే వేసుకోవాలి, పరగడుపున వేస్తే సరిగ్గా ఒంటికి పట్టదు. వార్ఫరిన్ వాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2కీ 3కీ మధ్య ఉండాలి. ఆపరేషన్ అనగానే పలచబరిచే మాత్ర ఆపేయడం పాత అలవాటు. అబ్లేషన్‌లో చాలాచోట్ల ఆపకుండానే, లేదా ఆ ఉదయం ఒక్క మోతాదు మాత్రం వదిలి చేస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు.

షుగరుకు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు సాధారణంగా మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది. ఉపవాసంలో షుగర్ మామూలుగానే ఉండి, రక్తం ఆమ్లంగా మారే ప్రమాదముంది. వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి. దానివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. ఘనాహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి.

6. ల్యాబ్‌లో జరిగేది

మత్తు ఇచ్చాక అల్ట్రాసౌండ్ చూస్తూ గజ్జల్లోని సిరలో గొట్టాలు దింపుతారు. కుడి పైగదిలోంచి మధ్యగోడను సూదితో గుచ్చి ఎడమవైపు చేరతారు. ప్రాణాపాయం ఎక్కువగా పొంచి ఉండే ఘట్టాల్లో ఇదొకటి. సూది పక్కకు పోతే గుండె చుట్టూ రక్తం చేరుతుంది. ఏ దశలో జరిగినా మొత్తం మీద ఇది నూటికి ఒకరికి అటూఇటూ. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించి, రక్తం గడ్డకట్టే సమయం 300 సెకన్లకు పైన ఉండేలా పదేపదే పరీక్షిస్తూ కొనసాగిస్తారు.

పని అయిందని ఎలా తెలుస్తుంది? సిర లోపల వలయాకారపు క్యాథెటర్ పెడతారు. తెర మీద మొదట ప్రతి గుండె చప్పుడు వెంటా సిర సంకేతం సూదిమొనల్లా నిక్కి కనిపిస్తుంది. వలయం బిగుసుకునేకొద్దీ ఆ సూదులు వెనకబడతాయి. తర్వాత ఒకటి వచ్చి ఒకటి రాకుండా పోతుంది. ఆపైన గీత చదునుగా మిగులుతుంది. అంటే లోపలికి దారి మూసుకుంది. లోపల్నుంచి కరెంటు కొట్టి బయటికి రావడం లేదని కూడా చూడాలి. కాలిన చోట వాపు వల్ల తాత్కాలికంగా మూసుకునే సందులుంటాయి గనక, వేడి పద్ధతిలో 20, 30 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించడం మంచి అలవాటు. తొందరలో జారిపోయే మెట్టు ఇదే. పీఎఫ్ఏలోనైతే ఎడమ పై సిర దగ్గర గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం రెచ్చి గుండె కొన్ని సెకన్లు ఆగినట్టవుతుంది. అట్రోపిన్‌తోనో తాత్కాలిక పేసింగ్‌తోనో దాటేస్తారు.

7. ఇంటికొచ్చాక

నాలుగు నుంచి ఆరు గంటలు కాలు చాచి వెల్లకిలా పడుకోవాలి. గజ్జలో కుట్టు వేస్తే అది తీశాకే బయల్దేరండి. వారం పాటు బరువులెత్తొద్దు, మెట్లు నెమ్మదిగా ఎక్కండి. దగ్గినప్పుడు గజ్జను అరచేత్తో నొక్కి పట్టుకోండి. అరచేయంత కమిలితే కంగారు లేదు, అది కిందికి దిగుతూ పసుపుపచ్చగా మారి పోతుంది. గట్టి ముద్ద పెరుగుతున్నా, రక్తం కారుతున్నా పది నిమిషాలు గట్టిగా నొక్కిపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. లోతుగా ఊపిరి పీలిస్తే ఛాతీలో గుచ్చినట్టు ఉండడం కొన్ని రోజులు మామూలే.

మొదటి 8 నుంచి 12 వారాల్లో దడ తిరిగి రావచ్చు. దాన్ని ఓటమిగా లెక్కించరు. మచ్చ ఇంకా మానుతోంది, చుట్టూ వాపుంది. ఎక్కువసేపు నిలిస్తే షాక్ ఇచ్చి సరిచేస్తారు. అయితే మూడో నెలలో పదేపదే వస్తుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, సందు మిగిలి ఉండే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు చెప్పేది అద్దం మీద అంటించుకోండి. అబ్లేషన్ అయిన వారం నుంచి రెండు నెలల్లోపు జ్వరం, మింగుతుంటే నొప్పి, ఛాతీనొప్పి, వాంతిలో రక్తం, మాట తడబడడం, చేయి బలహీనపడడం, వీటిలో ఏది వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్లి "నాకు ఎడమ పైగదిలో అబ్లేషన్ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. అన్నవాహికకూ గుండెకూ మధ్య రంధ్రం పడివుండవచ్చు. వెయ్యిమందిలో ఒకరికంటే తక్కువే, కానీ పడితే చాలామంది బతకరు. ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య బయటపడుతుంది, అంటే మీరు పూర్తిగా కోలుకున్నామనుకున్నాక. కావాల్సింది ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ. ఎండోస్కోపీ చేయకూడదు. గొట్టంలోంచి ఊదే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, అక్కణ్నుంచి మెదడుకు పోతుంది. డ్యూటీ డాక్టరుకు ఈ సంగతి గుర్తుకు రాకపోవచ్చు, మీరు అనండి. డిశ్చార్జిలో రాసిన ఎసిడిటీ మాత్ర మానకుండా వాడాల్సింది కూడా ఈ భయంతోనే.

నెలల తర్వాత దగ్గు, ఆయాసం, కఫంలో రక్తం వస్తే న్యుమోనియా అని యాంటీబయాటిక్ రాసేస్తారు. అబ్లేషన్ చేసిన ఊపిరితిత్తుల సిర ఇరుకైపోయినా సరిగ్గా అలాగే ఉంటుంది. సీటీతో తేలుతుంది.

8. పలచబరిచే మాత్ర, రెండోసారి

మాత్ర అందరికీ కనీసం రెండు మూడు నెలలు తప్పదు. ఆ తర్వాత కొనసాగించాలా అన్నది రిథమ్ బాగుందా లేదా అన్న దాన్ని బట్టి తేలదు, పక్షవాతం ముప్పును లెక్కించే మార్కుల్ని బట్టి తేలుతుంది. 75, ఆపై వయసు, పాత పక్షవాతం ఒక్కోటి 2 మార్కులు. బీపీ, షుగర్, గుండె వైఫల్యం, రక్తనాళాల జబ్బు, 65 నుంచి 74 మధ్య వయసు ఒక్కోటి 1. మొత్తం 2 లేదా అంతకు మించితే దడ పోయినా మాత్ర కొనసాగించమనే చెబుతారు. తిరిగొచ్చే ఏఎఫ్‌లో తెలియకుండా వచ్చిపోయేది చాలా ఉంటుంది మరి. అందుకే 3, 6, 12 నెలలకు ఈసీజీతో పాటు హోల్టర్ కూడా పెట్టించుకోండి.

మళ్లీ అబ్లేషన్ అవసరమైతే ముందు చూసేది పాత వలయాల్నే. చాలాసార్లు ఏదో ఒక సిర తిరిగి కలిసి ఉంటుంది, ఆ సందు మూస్తే పని అయిపోతుంది. నాలుగూ మూసే ఉన్నాయని తేలితేనే వేరే చోట వెతకాలి. ఇందుకు డిశ్చార్జి కాగితం చాలదు. మొదటిసారి చేసినప్పుడే ప్రొసీజర్ రిపోర్టు విడిగా అడిగి తీసుకోండి: ఏ శక్తి వాడారు, ఏ ఏ సిరలు మూశారు, సిరలు కాక ఏ గీతలు గీశారు, ఒక్కోటి మూసుకుందని పరీక్షించారా లేదా. రెండో డాక్టరు మ్యాపింగ్ మొదలుపెట్టే ముందు చదివేది ఆ కాగితమే.